వార్ధక్యమున కాయక ధర్మము



బసవాది శరణుల బోధలలో కాయకమునకు గల స్థానము సర్వవిదితము. లింగవంతుల గృహములలో బిడ్డలు ఊహ తెలిసిననాటినుండి ఆ మాట వినుచునే పెరుగుదురు. అయితే ఆ బోధ సామాన్యముగా యౌవనస్థులను ఉద్దేశించియే సాగుచుండును. అంగడి నడపువానికి, మగ్గము నేయువానికి, చేను దున్నువానికి, బడిలో చదువు చెప్పువానికి తమ కాయకమేదో స్పష్టముగా తెలియును. 70 ఏండ్లు నిండి, మోకాళ్ళు పట్టుకొని, చూపు మసకబారిన పెద్దకు కాయకమేది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ పాఠముయొక్క ఉద్దేశము.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల ఇండ్లలో వినవచ్చు మాట యొకటి కలదు. "నువ్వు గమ్మున కూచో జేజీ, మేం చేస్తాం గదా" అని మనుమలు, మనుమరాండ్రు ప్రేమతో అందురు. ఆ మాటలో దయ కలదు. కాని ఆ దయయే దినమునకొక పనిని పెద్దల చేతులనుండి తీసికొనిపోవును. మొదట నీళ్ళబిందె పోవును. పిమ్మట పొయ్యి దగ్గరి పని, ఆ పిమ్మట అంగడి లెక్క, కడపటికి తమ వస్త్రము తాము ఉతుకుకొనుట కూడ పోవును. పనిలేని కండ క్షీణించును. పెద్దవయస్సువారు కొలది దినములు మంచము పట్టినను కాళ్ళ బలము వేగముగా తగ్గిపోవునని వైద్యులు చెప్పుదురు. అప్పుడు, చేయలేరని తీసికొన్న పనిని నిజముగానే చేయలేనివారగుదురు. దయతో ఆరంభమైనది పరాధీనతతో ముగియును. ఇందు ఎవరి దోషమును లేదు, తెలియకపోవుటయే దోషము.

1. కాయకమునకు కొలత, వయస్సు

శరణులలో ఒక్కొక్కరికి ఒక్కొక్క కాయకము కలదు. మడివాళ మాచయ్య వస్త్రములు ఉతికెను. నులియ చందయ్య గడ్డి కోసి త్రాళ్ళు పేనెను. అంబిగర చౌడయ్య పడవ నడపెను. మోళిగె మారయ్య కట్టెలు కొట్టి అమ్మెను. బసవేశ్వరునికి పూర్వుడైన జేడర దాసిమయ్య మగ్గము నేసెను. వీరి పనులలో పెద్ద, చిన్న అను భేదము లేదు. చేయు పని సత్యమై, దాని ఫలము దాసోహమునకు వినియోగపడిన అది కాయకమే.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల చరిత్ర ఇచ్చట మననము చేయదగినది. రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చి జంగమార్చన చేయుట మారయ్య కాయకము. ఒకనాడు ఆయన నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. ఆ దినమునకు కావలసినదానికి మించినది తమది కాదని, దానిని తీసికొనిపోయి విడిచిరమ్మని లక్కమ్మ భర్తకు చెప్పెను. ఈ కథను అత్యాశకు విరుగుడుగా చెప్పుట వాడుక. ఇందు మరియొక అర్థము కూడ కలదు. కాయకమునకు కొలత కలదు. ఆ కొలత ఆ దినపు అవసరమునుబట్టి, చేయువాని శక్తినిబట్టి ఏర్పడును. 30 ఏండ్ల కొలతను 75 ఏండ్లకు పెట్టుట అత్యాశ. 75 ఏండ్లకు కొలతయే లేదనుట నిరాశ. రెండును లక్కమ్మ ఒప్పనివే.

కావున వార్ధక్యమున చేయవలసినది కాయకమును విడుచుట కాదు, కొలత మార్చుట. అంగడిలో నిలువలేని పెద్ద ఒక గంట కూర్చుండి లెక్క చూడవచ్చును. మగ్గము తొక్కలేనివారు కండెలు చుట్టవచ్చును. చేనికి పోలేనివారు ఇంటి ముందర చెనక్కాయలు వొలువవచ్చును, పెరటిలో నాలుగు కూరమొక్కలకు నీరు పోయవచ్చును. చేతనైన పనిని పెద్దలకు మిగిల్చి యుంచుట బిడ్డల ధర్మము. అది కష్టపెట్టుట కాదు, కాపాడుట.

2. ఇష్టలింగ పూజ, ఆసనము

వృద్ధ లింగవంతులకు మనస్సున బాధ కలిగించు విషయము ఒకటి కలదు. చిన్ననాటినుండి నేలపై ఆసనము వేసికొని, ఎడమ అరచేత ఇష్టలింగమును నిలిపి పూజించినవారికి ఒకనాటినుండి నేలపై కూర్చుండుట అసాధ్యమగును. కూర్చుండినను లేచుటకు ఇద్దరు పట్టవలసివచ్చును. మరికొందరికి చేయి వణకును. లింగము జారి పడునేమో యను భయము పట్టుకొనును. ఆ భయముచేత కొందరు పూజను కుదించుకొందురు. కొందరు కంఠముననున్న లింగమునకు నమస్కరించి ఊరకుందురు. బయటికి చెప్పుకొనరు. అది ఆచారలోపమేమో యని లోలోపల క్రుంగిపోవుదురు.

సిద్ధాంతమును ఆలోచించిన ఈ దిగులు తీరును. దేవాలయమున విగ్రహమునకు పీఠము వేరు, భక్తుడు కూర్చుండు చోటు వేరు. అచ్చట ఎత్తుపల్లముల ప్రశ్న పుట్టుట సహజము. ఇష్టలింగమునకు పీఠము భక్తుని అరచేయియే. భక్తుడు ఎంత ఎత్తున కూర్చుండిన లింగమును అంత ఎత్తుననే యుండును. కుర్చీపై కూర్చుండినంత మాత్రమున లింగమునకు న్యూనత లేదు. ఆసనము సాధనము మాత్రమే. లింగమునందు దృష్టి నిలుచుటయే ప్రధానము. దేహమునే దేవాలయముగా భావింపుమని బోధించిన సంప్రదాయమున, ఆ దేవాలయపు స్తంభములు వంగినపుడు ఊతమిచ్చుట ధర్మమే కాని లోపము కాదు.

చేయవలసిన మార్పు స్వల్పము. చేతులు గల గట్టి కుర్చీ యొకటి, దాని ముందర రొమ్ము ఎత్తునకు కొంచెము తక్కువగా బల్ల యొకటి వేసికొనవలెను. బల్లపై మెత్తని ధౌతవస్త్రము పరచి, ఎడమ మోచేతిని, ముంజేతిని దానిపై ఆనించిన వణకు చాలవరకు తగ్గును. శివదారమును విప్పకయే లింగమును అరచేత ఉంచుకొనిన, జారినను క్రింద పడదు. ఇంకను సందేహము గలవారు తమ గురువును అడిగి అనుజ్ఞ పొందవచ్చును. మఠములవారు తామై ఈ మాటను పెద్దలకు చెప్పిన, మూగగా బాధపడు అనేకులకు ఊరట కలుగును.

3. గడప, నాపబండ, మంచము

కడప అను పేరు గడపనుండి వచ్చినదని, తిరుమలకు ఇది గడపవంటిదని పెద్దలు చెప్పుదురు. ఆ జిల్లాలోని పాత ఇండ్ల గడపలు ఎత్తైనవి. యౌవనమున అవి ఇంటికి అందము. వార్ధక్యమున అడుగు సరిగా లేవనివానికి అవియే తొట్రుపాటు. 65 ఏండ్లు దాటినవారిలో సుమారు మూడింట ఒక వంతుమంది ఏటా ఒకసారియైనను పడుచుందురని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపినది. తుంటి ఎముక విరిగినవారిలో అనేకులు మునుపటివలె నడువజాలరు. ఒక్క పాటు ఒక గృహపు రూపమునే మార్చివేయును.

ఈ ప్రాంతపు ఇండ్లలో నేలకు పరచునది నాపరాయి. వేసవిలో చల్లగా నుండును, తుడుచుట సులభము. కాని నునుపు తేలిన నాపబండపై నీరు పడినప్పుడు, అందును సబ్బునీరు పడినప్పుడు కాలు నిలువదు. బచ్చలిలో జారి పడుటకు ఇదియే ముఖ్యకారణము. పరిహారములు ఇవి:

బచ్చలి బండను రాతిపనివానిచేత గాట్లు కొట్టించి గరుకు చేయించవలెను, లేదా గరుకైన రబ్బరుచాప పరువవలెను. గోడకు నడుము ఎత్తున పట్టుకొనుటకు ఇనుపకడ్డీ బిగించవలెను. స్నానమును పీటపై గాక కుర్చీపై కూర్చుండి చేయవలెను. గొంతుకూర్చుండలేనివారికి మరుగుదొడ్డిలో ఎత్తైన ఆసనము ఏర్పాటు చేయవలెను.

గడపకు రెండు వైపుల తెల్లని సున్నపుచార గాని, పసుపుచార గాని స్పష్టముగా కనబడునట్లు దిద్దవలెను. గడపకు పసుపు రాయు ఆచారము ఉండనే యున్నది. దానిని రంగు వెలిసిపోకుండ చూచుకొనిన మసకచూపునకు అదియే హెచ్చరిక. మిద్దె మెట్లకు ఒక ప్రక్కనైనను పట్టుకొమ్మి ఉండవలెను. రాత్రి మంచమునుండి బచ్చలివరకు గల దారిలో చిన్న దీపము వెలుగుచుండవలెను. ఆ దారిలో చెప్పులు, బిందెలు, మనుమల ఆటవస్తువులు ఉండరాదు.

నులకమంచము విషయము మరియొకటి. త్రాడు సడలి నడుమ గుంటపడిన మంచమునుండి లేచుట మోకాలికి పరీక్ష. త్రాడు పేనుటయే కాయకముగా గల నులియ చందయ్యను తలచుకొని, ఏటికి రెండుసార్లు నులకను బిగించినచో వెన్నునకును మోకాలికిని మేలు. మంచము ఎత్తు మోకాలి ఎత్తునకు తగ్గరాదు. అవసరమైన కోళ్ళక్రింద దిమ్మెలు పెట్టవచ్చును. నిద్రలేచిన వెంటనే నిలువబడరాదు. మంచముపై కూర్చుండి, కాళ్ళు క్రిందికి వ్రేలాడవేసి, ఒక నిమిషము లింగస్మరణ చేసి పిదప లేవవలెను. వయస్సు మీరినవారికి ఒక్కుమ్మడి లేచినపుడు రక్తపుపోటు పడి కన్నులు తిరుగుట కలదు. ఆ ఒక్క నిమిషపు స్మరణ భక్తియును, రక్షణయును.

4. ప్రసాద బుద్ధి

అష్టావరణములలో ప్రసాదము ఒకటి. లింగమునకు సమర్పించి స్వీకరించినదే ప్రసాదము. సమర్పించునది ఏదియో, ఎంతయో ఆలోచించుట ప్రసాదబుద్ధి. వార్ధక్యమున ఆకలి తగ్గును, పండ్లు ఊడును, ఒంటరిగా నున్నవారికి వండుకొనుటకు మనసు పుట్టదు. ఉదయము కాఫీ, మధ్యాహ్నము చారన్నము, రాత్రి మజ్జిగన్నము - ఇదియే అనేక గృహములలో పెద్దల ఆహారము. ఉదరము నిండును, కండ నిలువదు.

ఈ సీమయొక్క పాత ఆహారము ఇంతకంటె మేలైనది. రాగిసంగటి మెత్తనిది, పండ్లు లేనివారికి అనుకూలము. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదు. బియ్యములో అది అత్యల్పము. కొర్రలు, సజ్జలు, జొన్నలు పీచు గలవి, మలబద్ధమును తగ్గించును. మాంసకృత్తులు మాత్రము విడిగా చూచుకొనవలెను. పెద్దలకు శరీరపు బరువు కిలో ఒక్కింటికి దినమునకు సుమారు 1 గ్రాము మాంసకృత్తులు కావలెనని వైద్యుల అభిప్రాయము. 50 కిలోలవారికి 50 గ్రాములు. శాకాహారులైన లింగవంతులకు ఇది పప్పు, పెరుగు, పాలు, చెనిగలు, చెనక్కాయలనుండి రావలసినదే. గుప్పెడు కందిపప్పునుండి సుమారు 7 గ్రాములు, గ్లాసు పాలనుండి 6 గ్రాములు, చిన్న గుప్పెడు చెనక్కాయలనుండి 6 గ్రాములు లభించును. సంగటిలోనికి ఊరిబిండి, పలుచని చారునకు బదులు గట్టిపప్పు, రాత్రి ఒక గిన్నె పెరుగు - ఈ మూడు మార్పులతోనే లోటు చాలవరకు తీరును. మూత్రపిండముల వ్యాధి గలవారు మాత్రము వైద్యుని అడిగియే పప్పు పెంచవలెను.

శాకాహారులు తెలిసికొనవలసిన విషయము వేరొకటి కలదు. విటమిన్ బి12 ధాన్యములలోను, కూరగాయలలోను లభింపదు. పాలు, పెరుగులలో కొంత కలదు. వయస్సుతో బాటు దానిని గ్రహించు శక్తి తగ్గును. మధుమేహమునకు మెట్‌ఫార్మిన్ మాత్రలు చిరకాలము తీసికొనువారిలో మరింత తగ్గును. అరికాళ్ళ తిమ్మిరి, నడకలో తూలు, మతిమరపు, నీరసము దాని లక్షణములు. వీటిని "వయసైపోయింది" అని విడిచిపెట్టక రక్తపరీక్ష చేయించిన, మాత్రలతోనో సూదితోనో సరియగు అవకాశము కలదు.

ఉప్పు విషయమున కఠినముగ నుండక తప్పదు. దినమునకు 5 గ్రాములకు, అనగా ఒక చిన్న చెంచాకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఊరగాయ, అప్పడము, ఉప్పుమిరపకాయ, పండుమిరప కారము - వీటిలోని ఉప్పు కనబడదు. అన్నిటిని ఒకనాడే మానుట అసాధ్యము. ఒక పూటకు ఒకటే యను నియమము పెట్టుకొనిన ఆచరణసాధ్యము.

5. నీరు, ఎండ

ఏప్రిల్, మే నెలలలో కడప జిల్లాలో ఎండ 40 డిగ్రీలు దాటుట వాడుక. వృద్ధులకు దప్పిక తెలియుట మందగించును. దప్పిక కాలేదని నీరు త్రాగనివారికి మధ్యాహ్నమునకు తల తిరుగుట, మాట తడబడుట, మూత్రము పసుపెక్కుట కలుగును. కావున దప్పికను నమ్ముకొనక, వేళను నమ్ముకొనవలెను. పూజానంతరము ఒక గ్లాసు, మందులతో ఒకటి, భోజనమునకు ముందొకటి, నాలుగు గంటలకు పలుచని మజ్జిగ. రాత్రి పదేపదే లేవవలసివచ్చునని భయపడువారు సాయంకాలముననే కోటా పూర్తిచేసికొనవలెను. గుండె, మూత్రపిండముల వ్యాధులకు నీటి పరిమితి చెప్పబడినవారు వైద్యుని మాట దాటరాదు.

పులివెందుల, వేంపల్లె పరిసరములలో బోరు నీటియందు ఫ్లోరైడు అధికముగా గల తావులు కలవు. అట్టి నీరు ఏండ్ల తరబడి త్రాగినవారికి కీళ్ళు, వెన్ను బిగియును. దానిని ముసలితనపు నొప్పియే యనుకొనుట పొరపాటు. ఫ్లోరైడు లీటరునకు 1 మిల్లీగ్రామునకు లోబడి యుండుట మేలు, 1.5 దాటరాదు. నీటిని కాచినందువలన ఫ్లోరైడు పోదు, నీరు ఇగిరి ఇంకను చిక్కబడును. వంటకును త్రాగుటకును శుద్ధిచేసిన నీటిని గాని, పరీక్షించిన మంచినీటిని గాని వాడవలెను.

బసవ జయంతి వైశాఖ శుద్ధ తదియనాడు, నడివేసవిలో వచ్చును. ఊరేగింపులను ఉదయము 8 గంటలలోపుగాని, సూర్యాస్తమయము పిమ్మటగాని జరిపిన పెద్దలును పాల్గొనగలరు. మధుమేహము గలవారికి పాదముల స్పర్శ తగ్గియుండును. ఎండకు కాలిన బండపై వట్టికాళ్ళతో నడచి పుండ్లు తెచ్చుకొను అపాయము కలదు. అట్టివారు ప్రతి రాత్రి అరికాళ్ళను అద్దములోనైనను చూచుకొనవలెను, లేదా చూపించుకొనవలెను.

6. ప్రదక్షిణ

ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరాలయమున ప్రదక్షిణలు చేయుచునే పుట్టపర్తి నారాయణాచార్యులు శివతాండవమును రచించిరని ప్రసిద్ధి. నడకకును మనస్సునకును గల సంబంధమునకు ఆ ఊరివారికి వేరు నిదర్శనము అక్కరలేదు.

65 ఏండ్లు దాటినవారు వారమునకు 150 నిమిషములు మొదలుకొని 300 నిమిషములవరకు మితమైన శ్రమ చేయుట, వారమున రెండు దినములైనను కండబలమునకు, మూడు దినములైనను నిలుకడకు సాధన చేయుట మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. వినుటకు పెద్దగా తోచినను, దినమునకు 25 నిమిషముల నడకతో మొదటి నియమము తీరును. అదియును ఒక్కసారిగా కాకున్నను సరియే. ఉదయము పది, సాయంకాలము పదునైదు నిమిషములు చాలును.

బలమునకు సులభసాధన యొకటి కలదు. గట్టి కుర్చీపై కూర్చుండి, చేతులు ఊనక లేచి నిలువబడి, తిరిగి మెల్లగా కూర్చుండుట. మొదట ఐదుసార్లు, పిదప పదిసార్లు. చేతులూనక లేవలేనివారు ఊనియే ఆరంభింపవచ్చును. నిలుకడకు గోడ ప్రక్కన నిలిచి, వ్రేళ్ళు గోడకు ఆనించి, మడమలెత్తి పంచాక్షరి ఐదు అక్షరములు పలుకునంతసేపు నిలిచి దించుట. పిమ్మట ఒక కాలిపై అట్లే. ప్రక్కన మనుష్యుడు గాని, గోడ గాని లేక చేయరాదు. రొమ్మునొప్పి, ఆయాసము, కన్నులు తిరుగుట కలిగిన ఆపి వైద్యుని చూడవలెను.

7. ఉపవాసము, ఔషధము, చూపు, వినికిడి

శివరాత్రినాడు ఉపవసించి జాగరము చేయుట పలువురి నియమము. మధుమేహమునకు మాత్రలు, ఇన్సులిన్ తీసికొనువారు ఆహారము మాని మందు తీసికొనిన రక్తములో చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చును. మందు కూడ మానిన చక్కెర పెరుగును. కావున ముందుగనే వైద్యునితో మాటలాడి, పండ్లు, పాలు, పలుచని ఫలాహారము లింగార్పితము చేసి స్వీకరించుట ఉత్తమము. శరీరమును కష్టపెట్టినంత మాత్రమున శివుడు మెచ్చునని శరణులు బోధింపలేదు.

నలుగురు వైద్యులు వ్రాసిన మందులు ఒకే సంచిలో నుండుట అపాయకరము. అన్ని మందుల పేర్లు, వేళలు ఒక కాగితముపై పెద్ద అక్షరములతో వ్రాసి గోడకు అంటించి, ఏ వైద్యుని చూచినను ఆ కాగితమును చూపవలెను. కన్నులలో శుక్లములు వచ్చినవారు శస్త్రచికిత్సను ఏండ్ల తరబడి వాయిదా వేయరాదు. చెవి వినబడనివారు క్రమముగా మాట తగ్గించుకొని, సభలకు పోవుట మాని ఒంటరులగుదురు. ఇంటివారు ఎదుట కూర్చుండి, ముఖము కనబడునట్లు, మెల్లగా పలికిన సగము కష్టము తీరును. మిగిలిన సగమునకు వినికిడి యంత్రము కలదు. అది కన్నద్దమువంటిదే, సిగ్గుపడవలసినది కాదు.

8. జంగమము, దాసోహము

జంగమమనగా చలించునది. భక్తుని ఇంటికి జంగముడు నడచివచ్చుట సంప్రదాయము. ఈ సంప్రదాయమునకు నేడు క్రొత్త అవసరము ఏర్పడినది. కడప జిల్లా బిడ్డలు బెంగుళూరు, హైదరాబాదు, గల్ఫ్ దేశములు, అమెరికాలలో స్థిరపడుచున్నారు. ఇంటికి డబ్బు వచ్చును, ఫోను వచ్చును, మనిషి రాడు. సాయంకాలము అరుగుమీద కూర్చుండి వీధి చూచుచు మాటలాడు మనిషికై ఎదురుచూచు పెద్దలు ప్రతి ఊరనున్నారు. అన్నములేమి కంటె మాటలేమి వారిని త్వరగా కృశింపజేయును.

మఠములు చేయదగిన పనులు కష్టమైనవి కావు. ప్రార్థనామందిరమున గోడవెంబడి పది కుర్చీలు వేయుట. మెట్లకు పట్టుకొమ్మి పెట్టుట. దాసోహపు పంక్తిలో పెద్దలకు ముందుగా, మెత్తగా వడ్డించుట. మఠమునకు రాలేనివారి జాబితా నుంచుకొని వారమునకొకసారి ఒక్కరైనను ఇంటికి పోయి పావుగంట కూర్చుండుట. పెద్దలును తీసికొనువారుగనే గాక ఇచ్చువారుగ నుండవలెను. వచనములు కంఠస్థముగా గలవారు బిడ్డలకు నేర్పవచ్చును. అది బిడ్డలకు విద్య, పెద్దలకు జ్ఞాపకశక్తి.

తుమకూరు సిద్ధగంగ మఠాధిపతులైన శ్రీ శివకుమార మహాస్వాములు 1907 ఏప్రిల్ 1న జన్మించి, 2019 జనవరి 21న లింగైక్యులైరి. 111 ఏండ్ల ఆ జీవితమున తెల్లవారకముందే లేచి ఇష్టలింగపూజ చేయుట, మితాహారము, వేలాది విద్యార్థుల అన్నమును విద్యను గూర్చిన చింత కడవరకు నిలిచినవి. అంత ఆయువు అందరికి రాదు. కాని ప్రతి ఉదయము తనకొరకు ఎదురుచూచువారు ఒకరున్నారని, తాను చేయవలసిన పని యొకటి యున్నదని తెలిసి లేచుట ఎవరికైనను సాధ్యమే.

9. తాళపుచెవులు

శరీరమునకు సంబంధించిన మార్పులకంటె కష్టమైన మార్పు పెత్తనము విడుచుట. అంగడి పెట్టె తాళము, వంటింటి తాళము చేతులు మారవలసిన వేళ వచ్చును. ఆ వేళను గుర్తింపని పెద్దలవలన కలహము. ఆ వేళకు ముందే లాగికొను బిడ్డలవలన దుఃఖము. పని యుంచుకొని అధికారము విడుచుట దీనికి మార్గము. కోడలు వండునపుడు అత్త ఆకుకూర వలిచిన ఇంటిలో శాంతి. అత్త కూర్చుండి ఆజ్ఞలిచ్చిన అశాంతి.

అయితే అధికారము విడుచుట వేరు, ఆధారము విడుచుట వేరు. ఉన్న ఇల్లు, పొలము యావత్తును వ్రాసియిచ్చి చేయి చాచవలసిన స్థితి తెచ్చుకొనరాదు. తల్లిదండ్రుల పోషణకై 2007లో కేంద్రచట్టము వచ్చినది. పోషింపవలెనను షరతుతో ఇచ్చిన ఆస్తిని, పోషింపనపుడు రద్దు కోరు అవకాశమును ఆ చట్టము కల్పించినది. ఆ షరతు పత్రములోనే స్పష్టముగా వ్రాయించుకొనుట వివేకము. వృద్ధుల సహాయమునకు 14567 అను ఉచిత ఫోను సంఖ్య కూడ కలదు.

మరియొక మాట మరువరాదు. మంచము పట్టిన పెద్దకు పరిచర్య చేయునది చాలవరకు ఇంటి కోడలో, కూతురో. పక్కబట్టలు మార్చుట, స్నానము చేయించుట, రాత్రి మేలుకొనుట - ఇదియు పరమ కాయకమే. ఆ కాయకము చేయువారికి కూడ విశ్రాంతి కావలెను. వారమున ఒక పూటయైనను కొడుకో, తమ్ముడో, మనుమడో ఆ పనిని అందుకొనిన గృహము నిలుచును.

ముగింపు

ప్రభులింగలీలలో గోరక్షుని కథ కలదు. యోగసాధనచేత ఆయన దేహమును వజ్రముగా చేసికొనెను. కత్తితో వ్రేసిన ఖణిల్లుమని మ్రోగెను గాని తెగలేదు. అదే కత్తితో అల్లమప్రభువును వ్రేయగా, శూన్యమున త్రిప్పినట్లు అది అడ్డులేక సాగిపోయెను. దేహమును గట్టిపరచుకొనుట సిద్ధి కాదని, దేహాభిమానము కరగుటయే సిద్ధి యని గోరక్షుడు అప్పుడు గ్రహించెను.

ఈ పాఠమున చెప్పిన కుర్చీ, కడ్డీ, దీపము, సంగటి, నడక - ఇవి మృత్యువును ఆపునవి కావు. అన్ని వ్యాధులును వీటికి లొంగవు. ఇవి చేయునది ఒక్కటే: అరచేత లింగమును నిలుపగల దినములను, స్వహస్తములతో ఒకరికి గ్రుక్కెడు నీరు ఇయ్యగల దినములను మరికొన్ని పెంచును. శరణునికి అంతకు మించిన కోరిక అక్కరలేదు.

మననము చేయవలసిన ప్రశ్నలు

1. ఇంటిలోని పెద్దల చేతినుండి ఈ ఏడాది తీసికొన్న పనులేవి? వానిలో తిరిగి ఇయ్యదగినవి ఏవి?

2. ఆయ్దక్కి లక్కమ్మ చెప్పిన కొలత వార్ధక్యమునకు ఎట్లు అన్వయించును?

3. ఇంటి గడప, బచ్చలి, మంచము, రాత్రి దారి - ఈ నాలుగింటిలో ఈ వారమే సరిచేయదగినది ఏది?

4. కుర్చీపై ఇష్టలింగ పూజ చేయుట ఆచారలోపము కాదనుటకు కారణమేమి?

5. ఈ వీధిలో ఎవరి ఇంటికి వారమునకొకసారి జంగమమై పోవలసియున్నది?